జూన్‌కి ఏమీ కాదు

అమెరికన్ టీవీ సిరీస్ ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ చివరి సీజన్‌లో, ముగింపుకి ఒక్క ఎపిసోడ్ ముందు, కథానాయిక జూన్ మెడకి ఉరితాడు పడుతుంది. బోస్టన్ నగరంలో, జనం చూస్తుండగా. ఆమె ఒక ప్రసంగం చేస్తుంది. తాడు పైకి లేస్తుంది. ఆ సమయానికి నేను వేయించిన పల్లీలకి పొట్టు తీసుకుంటున్నాను. టెన్షన్ లేదు, బాధ లేదు. ఎవరో ఒకరు వస్తారు, దించేస్తారు, మిగతాది వచ్చే వారం అనుకున్నాను. వచ్చారు. అమెరికా విమానాలు కూడా సరిగ్గా ఆ సమయానికే వచ్చాయి.

ఇదే సిరీస్ రెండో సీజన్ మొదలైంది కూడా ఉరితోనే. 2018 ఏప్రిల్‌లో. పాడుబడిన ఫెన్‌వే పార్క్ బేస్‌బాల్ మైదానం, మొరిగే కుక్కలు, నోళ్లు కట్టేసిన ఎర్ర దుస్తుల ఆడవాళ్లు వరసగా ఉరికంబాల కింద. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. మీట లాగుతారు. ఏమీ జరగదు. భయపెట్టడానికే అదంతా. రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో కథానాయికని చంపరని నాకు తెలియదా? బాగా తెలుసు. అయినా ఊపిరి ఆడలేదు.

ఆ ఉరికీ ఈ ఉరికీ మధ్య ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో ఈ సిరీస్ ఏం పోగొట్టుకుందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కథ మొత్తం చెప్పేస్తున్నాను కాబట్టి, చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

దీని మీద మామూలుగా వినిపించే ఫిర్యాదులు రెండు. మరీ చీకటిగా ఉంది, చూడలేం అని ఒకటి. సాగదీశారు అని ఇంకొకటి. చీకటే తప్పయితే మొదటి సీజన్‌ని ఎవరూ చూసి ఉండకూడదు, అన్నిటికంటే నల్లగా ఉన్నది అదే. సాగదీత మాటకొస్తే, ఆరు సీజన్లు, 66 ఎపిసోడ్లు ఇంత పెద్ద కథకి మరీ ఎక్కువేం కాదు. నా గొడవ వేరే. ఇలాంటి నియంతృత్వపు కథల్లో అసలైన ప్రధాన పాత్ర రాజ్యమే. దాని రూల్స్ ఎంత బిగుతుగా ఉంటే మనకి అంత భయం. ఈ సిరీస్ రచయితలు ఆ రూల్స్‌ని ఒక్క మనిషి కోసం సడలిస్తూ పోయారు. చివరికి ఆ రాజ్యం అట్టముక్కలతో కట్టిన సెట్‌లా తేలిపోయింది, ఆ మనిషి మీద మనకున్న బెంగ కూడా పోయింది.

చూడనివాళ్లెవరైనా ఇంకా చదువుతుంటే రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికాలో పిల్లలు పుట్టడం దాదాపు ఆగిపోతుంది. మతం పేరు చెప్పుకునే ఒక ముఠా ప్రభుత్వాన్ని కూల్చి గిలియడ్ అనే రాజ్యం పెడుతుంది. పిల్లల్ని కనగలిగిన ఆడవాళ్లని పట్టుకొచ్చి, కమాండర్లనే పెద్ద అధికారుల ఇళ్లలో పెడతారు. నెలనెలా ‘సెర్మనీ’ పేరుతో అత్యాచారం, పుట్టిన బిడ్డ కమాండర్ భార్యకి. వీళ్లే హ్యాండ్‌మెయిడ్లు. సొంత పేరు కూడా ఉండదు. ఫ్రెడ్ ఇంట్లో ఉన్నామె ఆఫ్‌ఫ్రెడ్, అంతే. ఆ ఆఫ్‌ఫ్రెడ్ అసలు పేరే జూన్. ఆమె భర్త ల్యూక్ కెనడాకి తప్పించుకున్నాడు, కూతురు హానాని గిలియడ్ లాక్కుంది.

మూలం మార్గరెట్ ఆట్‌వుడ్ 1985 నవల. ఆమె దాన్ని 1984లో పశ్చిమ బెర్లిన్‌లో, గోడ చుట్టూ ఉన్న రోజుల్లో మొదలుపెట్టింది. తనకి తాను ఒక నియమం పెట్టుకుంది: చరిత్రలో ఎక్కడో ఒకచోట మనుషులు నిజంగా చేసిన పనే తప్ప, ఊహించి ఒక్క క్రూరత్వాన్నీ చేర్చకూడదని. నియంత చౌషెస్కూ పాలించిన రుమేనియాలో 1966 నుంచి గర్భస్రావం, గర్భనిరోధకాలు నిషేధించి ఆడవాళ్ల కడుపుల మీద ప్రభుత్వం కాపలా పెట్టింది. అర్జెంటీనా సైనిక పాలకులు తాము మాయం చేసిన తల్లుల పిల్లల్ని తమ మనుషులకి పంచిపెట్టారు, ఆ పిల్లల అమ్మమ్మలు, నాయనమ్మలు 1977 నుంచి వెతుకుతూనే ఉన్నారు. ఆ నవల చదువుతుంటే వెన్నులో చలి పుట్టడానికి కారణం ఈ నియమమే. గిలియడ్‌లో ప్రతి శిక్ష వెనకా ఒక పద్ధతి ఉంటుంది, ఆ పద్ధతి ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది.

2017లో వచ్చిన మొదటి సీజన్ ఆ పద్ధతిని పట్టుకుంది. నాకు బాగా గుర్తుండిపోయింది ఉరులూ కొరడాలూ కాదు. మూడో ఎపిసోడ్‌లో జూన్, స్నేహితురాలు మొయిరా పరుగెత్తి వచ్చి కాఫీ కొనబోతారు. కార్డు పనిచెయ్యదు. అంతకుముందు తిన్నగా మాట్లాడే కుర్రాడి చోట కౌంటర్ దగ్గర ఎవరో కొత్త మనిషి, మొహం మీదే బూతుమాట అంటాడు. అదే రోజు ఆఫీసులో ఆడవాళ్లందరినీ ఉద్యోగాల్లోంచి తీసేస్తారు. మేనేజర్ కళ్లు కలపలేక, ఇది చట్టం అని నసుగుతాడు. ఇంటికొచ్చాక తెలుస్తుంది, ఆడవాళ్ల బ్యాంకు ఖాతాలన్నీ ఆపేశారు, డబ్బు భర్తకో దగ్గరి మగ బంధువుకో వెళ్తుంది. ల్యూక్ మంచివాడు. ప్రేమగానే, నేను చూసుకుంటాను కదా అంటాడు. మొయిరా అతన్ని చూసే చూపు ఉంది చూడండి. సొంత జీతం ఖాతాలో పడుతున్న ప్రతి ఆడమనిషికీ ఆ సీన్ దగ్గర చెయ్యి ఫోన్ వైపు వెళ్లి ఉంటుంది, బ్యాలెన్స్ చూసుకుందామని. ఒక్క తుపాకీ పేలకుండా ఇంత భయం పుట్టించారు, ఎందుకంటే ప్రతి అడుగూ ముందు అడుగులోంచి పుట్టింది.

రెండో సీజన్ నవల అయిపోయాక మొదలైంది. నవల చివర ఆఫ్‌ఫ్రెడ్ ఒక వ్యాన్ ఎక్కుతుంది. అది తీసుకెళ్లేది విడుదలకో చావుకో ఆమెకీ తెలియదు, మనకీ తెలియదు. అక్కణ్ణుంచి రచయితలు సొంతంగా నడవాలి. చాలామంది ఇక్కడే జారిపోయారంటారు, నేను ఒప్పుకోను. రెండో సీజన్ చివరి రెండు ఎపిసోడ్లు చూడండి. ఈడెన్ అనే పదిహేనేళ్ల పిల్లని జూన్ ప్రేమించే డ్రైవర్ నిక్‌కి కట్టబెడతారు. ఆ పిల్ల భక్తురాలు, గిలియడ్ చెప్పినవన్నీ నమ్మింది. ఇంకో కుర్రాడిని ఇష్టపడి పారిపోతుంది. పట్టుకొచ్చి ఇద్దరినీ ఈత కొలను గట్టు మీద నిలబెట్టి, బరువులు కట్టి, తప్పు ఒప్పుకోమంటారు. ఒప్పుకోరు. నీళ్లలోకి నెట్టేస్తారు. తర్వాత తెలుస్తుంది, పట్టిచ్చింది కన్నతండ్రే.

కథ అక్కడ ఆగదు. ఈడెన్ సామాన్లు సర్దుతుంటే ఆమె బైబిల్ దొరుకుతుంది, పేజీల పక్కన ఆమె రాసుకున్న మాటలతో సహా. గిలియడ్‌లో ఆడది చదవడమే నేరం. ఆ బైబిల్ కమాండర్ ఫ్రెడ్ భార్య సెరీనా చేతికి వస్తుంది. ఈ రాజ్యం రావాలని పుస్తకం రాసి, ఊరూరా ఉపన్యాసాలిచ్చి, తీరా వచ్చాక వంటింటి గుమ్మం దగ్గర కూర్చోబెట్టబడ్డ మనిషి ఈ సెరీనా. తన ఒళ్లో ఉన్న, జూన్ కన్న పసిపాపకి రేపు ఇదే గతి కదా అని భయపడి, మిగతా భార్యల్ని వెంటేసుకుని కమాండర్ల సభకి వెళ్తుంది. ఆడపిల్లలకి కనీసం దేవుడి వాక్యం చదవడం నేర్పండి అని అడిగి, తనే చదివి వినిపిస్తుంది. ఆమె చిటికెన వేలు తీసేస్తారు. సొంత మొగుడే ఒప్పుకుని మరీ. ఒక పిల్ల చావు, ఒక పుస్తకం, ఒక తల్లి భయం, ఒక వేలు. రాజ్యాన్ని కట్టిన మనిషికి కూడా మినహాయింపు లేదు. ఇంతకంటే గట్టి రచన ఈ సిరీస్‌లో ముందూ లేదు, తర్వాతా లేదు.

విచిత్రం ఏంటంటే, కథ విరిగిపోయింది కూడా అదే ఎపిసోడ్‌లో.

మార్తాలని వంటావార్పూ చేసే ఆడవాళ్లుంటారు గిలియడ్ ఇళ్లలో. వాళ్లు ప్రాణాలకి తెగించి, ఇంటి నుంచి ఇంటికి చేతులు మార్చి, జూన్‌నీ ఆమె బిడ్డనీ ఊరి పొలిమేర దాటిస్తారు. వ్యాన్ వచ్చింది, తలుపు తెరిచి ఉంది. జూన్ బిడ్డని తోటి హ్యాండ్‌మెయిడ్ ఎమిలీ చేతిలో పెట్టి, పెద్ద కూతురు హానా కోసం వెనక్కి తిరుగుతుంది. ముసుగు పైకి లాగి కెమెరాలోకి ఉరిమి చూస్తుంది. బీజీఎం.

తల్లి మనసు అంటారు. ఆ వాదన నాకు అర్థమవుతుంది, కూతుర్ని వదిలి వెళ్లలేకపోవడంలో తప్పేమీ లేదు. కానీ ఈడెన్‌ని ముంచేసిన రాజ్యంలో, సెరీనా వేలు తీసిన రాజ్యంలో, ఒకసారి పారిపోయి దొరికి, మళ్లీ పారిపోబోయిన హ్యాండ్‌మెయిడ్ తిరిగొస్తే ఏం జరగాలి? నిన్నటిదాకా మనకి నేర్పించిన లెక్క ప్రకారం ఆమె శవమై ఊరి గోడకి వేలాడాలి. నేరమంతా ఎమిలీ మీదకి వెళ్లింది. జూన్‌కి దెబ్బలు పడ్డాయి, కొత్త ఇల్లు దొరికింది. ఆ ఇంటి కమాండర్ లారెన్స్ పుస్తకాలున్న మనిషి, వ్యంగ్యంగా మాట్లాడే మనిషి, ఆమె చెప్పింది చేసిపెట్టే మనిషి. ఆ రోజు నుంచి ఆఖరి రోజు దాకా, జూన్‌కి ఏమీ కాదు.

కాకపోతే ఎవరికో అవుతుంది. మూడో సీజన్‌లో నాకు కడుపు రగిలిపోయింది ఇక్కడే. జూన్ హానాని చూడాలని ప్రయత్నిస్తుంది, దానికి సాయపడిన మార్తాని ఉరితీస్తారు, ఆ తాడు జూన్ చేతే లాగిస్తారు. ఆ సంగతి పైకి చెప్పిన తోటి హ్యాండ్‌మెయిడ్‌ని జూన్ నలుగురిలో నిలబెట్టి వెక్కిరించి వేధిస్తే, ఆ పిల్ల మతి చెడి తూటా తిని, కడుపులో బిడ్డ కోసం మెషీన్ల మీద బతికించిన శవమైపోతుంది. అంతకు ముందు, రెండో సీజన్‌లో, జూన్‌ని రాత్రికి దాచిన ఒమర్ అనే డ్రైవర్ గోడకి వేలాడాడు, అతని పెళ్లాన్ని హ్యాండ్‌మెయిడ్ చేశారు, పిల్లాడిని ఎవరికో ఇచ్చేశారు. ఒమర్‌కి, ఆ మార్తాకి, ఆ హ్యాండ్‌మెయిడ్‌కి ఒక పోలిక ఉంది: ముగ్గురూ తెల్లవాళ్లు కారు. నవలలో గిలియడ్ నల్లవాళ్లని ఊళ్లకి ఊళ్లే ఖాళీ చేయించి దూరంగా తోలేస్తుంది, అంటే జాతి ద్వేషం ఆ రాజ్యంలో భాగమని రాసింది ఆట్‌వుడ్. సిరీస్ అన్ని రంగుల నటుల్నీ తీసుకుంది, బాగానే ఉంది, కానీ ఆ విషయం గురించి ఒక్క మాట మాట్లాడకుండా, జూన్ చేసిన తప్పులకి అప్పు మాత్రం వాళ్ల చేత కట్టించింది.

ఇది మనకి కొత్త ఏర్పాటు కాదు. మన మాస్ సినిమాలో హీరో స్నేహితుడు ఇంటర్వెల్ ముందు చచ్చిపోతాడు, హీరోకి కోపం రావాలి కాబట్టి. ఆ తర్వాత వాన, స్లో మోషన్, భుజం మీద నుంచి చూపు. మనం ఈల వేస్తాం, నేనూ వేస్తాను. అక్కడ ఒప్పందం అదే: టికెట్ కొన్నప్పుడే హీరోకి ఏమీ కాదని ఇద్దరికీ తెలుసు. గిలియడ్ కథ మనతో చేసుకున్న ఒప్పందం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ ఎవరూ హీరో కారు, ఎవరికైనా ఏదైనా అవుతుంది. అలాంటి చోట ఎర్ర అంగీల ఆడవాళ్లని వరసగా స్లో మోషన్‌లో నడిపించి, పాట పెట్టి, ప్రతి ఎపిసోడ్ చివరా జూన్‌గా వేసిన ఎలిజబెత్ మాస్ మొహాన్ని తెర నిండా చూపించి ఎలివేషన్ ఇస్తే, ఉన్న భయం కూడా దిగిపోతుంది. ఆ మొహం మొదటి మూడు ఎపిసోడ్లలో, రీడ్ మొరానో దర్శకత్వంలో, అద్భుతం. తెల్ల టోపీ రెక్కల మధ్య ఇరుక్కుపోయి, ఏమీ బయటపెట్టకూడదని పాట్లు పడే మొహం. మూడో సీజన్‌కి వచ్చేసరికి అన్నీ బయటపెట్టేస్తోంది. పళ్లు కొరుకుతోంది, కమాండర్లకే వార్నింగులు ఇస్తోంది. జూన్ ఒక పెద్ద కమాండర్‌ని వ్యభిచార గృహంలో చంపేస్తుంది, అక్కడి మార్తాలు శుభ్రం చేసేస్తారు, రాజ్యంలో అంత పెద్దమనిషి మాయమైతే ఆమె దాకా ఎవరూ రారు.

మా అక్క ఈ మాట ఒప్పుకోదు. ఆమె కూడా మొత్తం చూసింది, నాకంటే ఇష్టంగా. "నీకు లాజిక్ కావాలి, నాకు ఆ ఫ్రెడ్ గాడు చావాలి" అంటుంది. నాలుగో సీజన్ చివర జూన్, ఇంకొందరు మాజీ హ్యాండ్‌మెయిడ్లు కలిసి ఫ్రెడ్‌ని అడవిలో తరిమి చంపుతారు. అక్క ఆ ఎపిసోడ్ మళ్లీ పెట్టుకుని చూసింది. ఆమె వాదన ఏంటంటే, ఆడవాళ్ల కోపాన్ని ఇంతసేపు, ఇంత దగ్గరగా, సిగ్గుపడకుండా చూపించిన కథ ఇంకోటి లేదు, నువ్వు లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే అది కనపడదు. ఇందులో నిజముంది. జూన్ మంచి మనిషి కాకపోవడం కూడా నాకు ఇష్టమే. లారెన్స్ భార్య మాత్రలు మింగి కొనఊపిరితో ఉంటే, ఆమె నోరు జారి ప్లాన్ పాడుచేస్తుందేమోనని జూన్ తలుపేసుకుని వెళ్లిపోతుంది. ఆ సీన్ చూస్తుంటే ఒళ్లు జలదరించింది. ఇదిగో, ఇదీ గిలియడ్ మనిషిని చేసే పని అనిపించింది. కానీ ఆ చావు తర్వాత ఆమెని పెద్దగా వెంటాడదు. పిల్లల్ని విమానం ఎక్కించాలి కదా, కథకి తొందర. 86 మంది పిల్లలు కెనడా చేరతారు, జూన్ గాయంతో మిగులుతుంది. మళ్లీ దొరికినప్పుడు గిలియడ్ ఆమెని ఏం చేసింది? హింసించింది, హానాని గాజు గదిలో పెట్టి చూపించింది, ఆ తర్వాత పిల్లల్ని కనే ఒక కాలనీకి పంపడానికి ఓ మామూలు వ్యాన్‌లో ఎక్కించింది. దారిలో రైల్వే గేటు. పరుగెత్తారు. తోడున్న ఆల్మా, బ్రియానా రైలు కింద పోయారు. మొదటి సీజన్ నుంచీ ఉన్న ఇద్దరు ఆడవాళ్లు, ఒక్క క్షణంలో. జూన్ దాటేసింది.

కడుపు పండే ఆడది దొరకడమే కష్టం కాబట్టి చంపరు అని ఒక సమర్థన ఉంది. అలాగైతే ఈడెన్‌ని ఎందుకు చంపారు? పదిహేనేళ్ల పిల్ల, ఎంతమందిని కనేదో. చంపకుండా నోరు నొక్కడం గిలియడ్‌కి చేతకాదా అంటే, అదీ కాదు. మూడో సీజన్‌లో వాషింగ్టన్ వెళ్తే అక్కడి హ్యాండ్‌మెయిడ్ల పెదవులు ఇనుప రింగులతో కుట్టేసి ఉంటాయి. చూసి జడుసుకున్నాం. ఆ రింగులు జూన్ దాకా రావు. నియంతల రాజ్యాల్లో నిజంగానే కొందరు ఎందుకో తప్పించుకుంటారు, అది చరిత్రలో ఉన్నదే. అదృష్టం అనేది ప్రతిసారీ ఒకే మనిషి తలుపు తడితే మాత్రం అది రచయిత చెయ్యి.

ఇదంతా చదివి నేను చివరి మూడు సీజన్లనీ తీసిపారేస్తున్నానని అనుకోకండి. జూన్ కెనడా చేరాక సిరీస్ కొన్నాళ్లు మళ్లీ లేచి కూర్చుంది, దానికి కారణం కూడా నేను చెప్తున్నదే. కెనడాలో కోర్టులున్నాయి, అపార్ట్‌మెంట్ తలుపులున్నాయి, చేసిన పనికి ఫలితం ఉంది. విచారణలో జూన్ తనకి జరిగింది ఒక్కొక్కటీ చెప్తుంది, చాలాసేపు, అరుపులేమీ లేకుండా. బయటికొస్తే వాటర్‌ఫర్డ్ దంపతుల కోసం, అంటే ఫ్రెడ్, సెరీనాల కోసం, జేజేలు కొట్టే గుంపు నిలబడి ఉంటుంది. ఆ గుంపే నాకు గిలియడ్ కంటే ఎక్కువ భయం వేయించింది. ఐదో సీజన్‌లో సెరీనా గర్భంతో ఒక ధనిక దంపతుల ఇంట్లో ఇరుక్కుపోతుంది. తలుపులు వాళ్లవి, డాక్టరు వాళ్లవాడు, కళ్లన్నీ కడుపు మీదే. తను జూన్‌కి ఏం చేసిందో అచ్చం అదే. ఎవరూ లెక్చర్ ఇవ్వకుండా ఆ విషయం మనకి తెలుస్తుంది, సెరీనాగా వేసిన ఇవోన్ స్ట్రహోవ్‌స్కీ భుజాలు చూస్తేనే తెలుస్తుంది. చివరికి ఓ పశువుల కొట్టంలో ఆమెకి పురుడు పొయ్యాల్సింది జూనే. ఆ ఎపిసోడ్‌ని నేను మొదటి సీజన్ పక్కన పెడతాను. ఇద్దరాడవాళ్లు, ఒక బిడ్డ, మధ్యలో ఐదేళ్ల లెక్క. జూన్‌ని కాపాడాల్సిన పని లేనప్పుడు ఈ రచయితలకి రాయడం వచ్చు. అందుకే కోపం.

హానా సంగతి మాట్లాడకుండా ఉండలేను. రెండో సీజన్ చివర జూన్ వ్యాన్ ఎక్కకపోవడానికి ఒకే కారణం హానా. అంటే మిగతా నాలుగు సీజన్లు నిలబడింది ఒక్క ప్రశ్న మీద: కూతురు దొరుకుతుందా? 2019లో ఆట్‌వుడ్ ఈ నవలకి కొనసాగింపు రాసింది, ‘ది టెస్టమెంట్స్’ అని, ఆ ఏడాది బుకర్ కూడా పంచుకుంది. పదిహేనేళ్ల తర్వాతి కథ. అందులో హానా గిలియడ్‌లోనే పెరిగిన పిల్ల. హ్యాండ్‌మెయిడ్లకి శిక్షణ ఇచ్చే ఆంట్ లిడియా కూడా బతికే ఉంటుంది. ఆ పుస్తకాన్ని కూడా తెరకెక్కిస్తామని ఆ ఏడాదే ప్రకటించారు. ఇక చూసుకోండి. పుస్తకం చదివిన ప్రేక్షకుడికి నాలుగో సీజన్ మొదలయ్యేసరికే జవాబు తెలిసిపోయింది: హానా రాదు, రాకూడదు, వస్తే వచ్చే సిరీస్‌కి కథ ఉండదు. తెలిసి తెలిసి మనల్ని మూడు సీజన్ల పాటు ఆ పిల్ల వెంట తిప్పారు. ఇదిగో దొరికింది, ఇదిగో పోయింది. ప్లాన్ వేశారు, విమానం కూల్చేశారు. ఆరో సీజన్ చివరికి బోస్టన్ విముక్తి అయింది, హానా మాత్రం లోపలే ఉంది. తల్లి ఓడిపోవడం గొప్ప విషాదం అయ్యుండేది, ఓడించింది గిలియడ్ అయితే. ఓడించింది వచ్చే ఏడాది బిజినెస్ ప్లాన్ అని తెలిసినప్పుడు ఏ కన్నీళ్లు వస్తాయి?

నిక్ గురించి ఎక్కువ రాయను, అభిమానులు ఇప్పటికే పుస్తకాలకి పుస్తకాలు రాశారు. ఐదు సీజన్ల పాటు అతన్ని మెత్తటి లైటింగ్‌లో, పాటల మధ్య ప్రేమికుడిగా చూపించి, ఆరో సీజన్‌లో హఠాత్తుగా, వాడు మొదటి నుంచీ గిలియడ్ మనిషే కదా అన్నారు. నిజమే, మొదటి నుంచీ గిలియడ్ మనిషే. ఆ మాట అప్పుడే రాసి ఉంటే, జూన్ ప్రేమే ఒక పెద్ద ప్రశ్న అయ్యేది. చివర్లో విమానంలో పేల్చెయ్యడానికి ముందు గుర్తొస్తే ఎలా?

ఇలా ఎందుకైందంటే, నా ఊహ ఇది. మొదటి సీజన్ ట్రంప్ మొదటిసారి గద్దెనెక్కిన మూడు నెలలకి వచ్చింది. సిరీస్ మొదలవ్వక ముందే, 2017 మార్చిలో, టెక్సస్ చట్టసభలో ఆడవాళ్లు ఎర్ర అంగీలు వేసుకుని కూర్చున్నారు. ఆ ఏడాది ఎమ్మీల్లో ఉత్తమ డ్రామా అవార్డు మొట్టమొదటిసారి ఒక స్ట్రీమింగ్ సిరీస్‌కి వెళ్లింది, అది ఇదే. ఎర్ర అంగీ ప్రపంచమంతా నిరసన జెండా అయిపోయింది. జెండా మీద ఉన్న మొహాన్ని ఎలా చంపుతారు, ఎలా అవమానిస్తారు, ఎలా మామూలు మనిషిని చేస్తారు? నవలలో ఆఫ్‌ఫ్రెడ్ బలమంతా ఆమె మామూలుతనంలో ఉంది. వీరనారి కాదు, భయస్తురాలు, వెన్న దాచుకుని మొహానికి రాసుకునే మనిషి. జెండాకి అలాంటి మనిషి పనికిరాదు. 2021లో నాలుగో సీజన్‌కి 21 ఎమ్మీ నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు. అవార్డుల్ని నేను పెద్దగా పట్టించుకోను గానీ, చూసేవాళ్లకి అనిపించింది అక్కడ ఓట్లేసేవాళ్లకీ అనిపించినట్టుంది.

నన్నడిగితే దారి వాళ్ల చేతిలోనే ఉండింది. రెండో సీజన్ చివర జూన్ ఆ వ్యాన్ ఎక్కేసి ఉండాల్సింది. మూడో సీజన్ ఎమిలీదో, జెనీన్ అనే ఇంకో హ్యాండ్‌మెయిడ్‌దో, ఒక మార్తాదో అయి ఉండాల్సింది. జూన్ కెనడాలో, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతూ. ప్రతి సీజన్‌కి ఒక కొత్త ఆడమనిషి వస్తే, ఆమెకి ఏమవుతుందో మనకి నిజంగా తెలియదు. నాలుగో సీజన్‌లో రీటా, అదే ఫ్రెడ్ ఇంట్లో ఏళ్లు వంట చేసిన మార్తా, కెనడాలో తన సొంత బల్ల ముందు ఒంటరిగా కూర్చుని సుషీ తింటుంది. ఎవరికీ వడ్డించకుండా. ఆ చిన్న సీన్‌లో ఒక సీజన్‌కి సరిపడా కథ ఉంది, రచయితలు దాని పక్కనుంచి జూన్ దగ్గరికి పరుగెత్తారు. ఎమిలీదైతే ఇంకా అన్యాయం. నటి తప్పుకోవడంతో, ఆమె మళ్లీ గిలియడ్‌కి వెళ్లిపోయిందని ఐదో సీజన్‌లో ఓ మాటతో తేల్చేసి, ఆఖరి ఎపిసోడ్‌లో పలకరింపుకి తీసుకొచ్చారు.

ఆ ఆఖరి ఎపిసోడ్‌లో జూన్ కాలిపోయిన వాటర్‌ఫర్డ్ ఇంటికి వెళ్లి, తన కథ రికార్డు చెయ్యడం మొదలుపెడుతుంది. మొదటి ఎపిసోడ్‌లో విన్న మాటలే మళ్లీ. నవలలో కూడా కథ క్యాసెట్ల మీదే ఉంటుంది, కానీ వాటిని వినేది 2195లో ఒక సదస్సులో కూర్చున్న ప్రొఫెసర్లు. ఆమె బతికిందో లేదో వాళ్లకి తెలియదు, పేరు కూడా తెలియదు, పైగా మధ్యలో జోకులు వేసుకుంటారు. ఒక మనిషి నరకం రెండు వందల ఏళ్ల తర్వాత సెమినార్ పేపర్ అయిపోవడం. ఆట్‌వుడ్ అంత కటువుగా ముగించింది. సిరీస్‌కి ఆ ధైర్యం లేకపోయింది. కథ చెప్పేది జూనే, మిగిలింది జూనే, కెమెరాలోకి చూసేదీ జూనే.

‘ది టెస్టమెంట్స్’ సిరీస్ చిత్రీకరణ 2025లోనే మొదలైంది, ఆంట్ లిడియాగా మళ్లీ ఆన్ డౌడ్. ఇద్దరం కలిసి చూద్దామని అక్క ముందే చెప్పేసింది. సరే, మూడు ఎపిసోడ్లు చూస్తానన్నాను. ఆ మూడింట్లో ఎక్కడో ఒక అమ్మాయి రూల్ తప్పుతుంది కదా. ఆ అమ్మాయి పోస్టర్ మీద ఉన్న పిల్ల అయితే శిక్ష ఏంటో, పోస్టర్ మీద లేని పిల్ల అయితే శిక్ష ఏంటో చూస్తాను. రెండూ ఒకటే అయితే నాలుగోది కూడా చూస్తాను.